నానమ్మ నోట్లో దూదిపుల్ల

కోవిడ్ మాస్కులు జనం చెవుల మీంచి దిగిన ఏడాది వేసవిలో నన్ను సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా గుడివాడలోని ఒక పరిశోధన బృందానికి డిప్యుటేషన్ మీద పంపారు. హోదా తాటిచెట్టంత. పని మాత్రం పిల్లల బుగ్గల్లోపల దూదిపుల్ల తిప్పి రావడం. ఐవీఎఫ్‌తో పుట్టినవాళ్ల మైటోకాండ్రియా డీఎన్‌ఏలో కొత్త మార్పులు వస్తున్నాయా అని చూడాలి. ఈ డీఎన్‌ఏ తల్లి అండం నుంచే వస్తుంది. తండ్రి ఇంటిపేరిచ్చి ఊరుకుంటాడు. కాబట్టి తల్లిదీ బిడ్డదీ తీసి, అక్షరం అక్షరం పోల్చడమే.

హంసలదీవిలో ఎండుచేపలమ్మే ఏడుకొండలమ్మగారి ఇంటికి వెళ్లాను. అక్కడి దోమలు పిచ్చుకలంత. ఆవిడ గొంతెత్తితే సముద్రం కాసేపు ఆగి వినేది. ఐవీఎఫ్‌తో పుట్టిన మనవరాలికి మూడో ఏడు నిండబోతున్నా పుట్టువెంట్రుకలు తీయించనివ్వలేదు.

"ఆ గాజుగిన్నెల్లో ఎవరిది ఎవరికి పోశారో! ఆ ముక్కు మా ఇంట్లో ఎవరికుందండీ? మా పిల్లేనని తేలాకే మొక్కు. ముందు నా నోట్లో పెట్టండి మీ పుల్ల!"

నానమ్మది కలవదనీ, కలవనంత మాత్రాన పిల్ల మీది కాకుండా పోదనీ బందరుకు వినపడేలా చెప్పాను. ఆవిడ వినలేదు. మా బృందాన్ని నడిపే డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, కలవకూడని నమూనా ఒకటి పోలికకి పనికొస్తుంది, తీయమన్నారు. కోడలు దుర్గ నోరు తెరిచింది నా పుల్ల కోసమే. అత్తగారి మాటల్లో ఇంకెవరికీ సందు లేదు.

ఫలితాలొచ్చాయి. పిల్లదాంట్లో ఒక్క అక్షరం తప్ప మూడూ ఒకటే! ఆ ఒక్కటీ యంత్రం పొరపాటనుకున్నారు.

"మూడు పుల్లలూ ఒకే నోట్లో తిప్పారాండీ?" అన్నారు డాక్టరమ్మ, చాలా మర్యాదగా. ఆ మర్యాదకి నా సర్వీసంతా గజగజలాడింది. నమూనాలు కలగలిసిపోయి ఉంటే నా మాట చెల్లదు, ఆ పిల్ల మీద అనుమానం తీరదు. మళ్లీ తీసుకురమ్మన్నారు.

గుమ్మంలోనే దుర్గ నన్ను చూసి లోపలికి కేకేసింది: "అమ్మమ్మా, పుల్లలాయన మళ్లీ వచ్చారు!"

ఒక చెప్పు విప్పి, రెండోది కాలికుండగానే ఆగిపోయాను. "అమ్మమ్మేంటమ్మా? ఆవిడ అత్తగారు కదా?"

"రెండూనండీ. మా అమ్మ ఈవిడ పెద్దకూతురు. నేను చేసుకుంది మా చిన్నమావయ్యని."

"ముందే చెప్పకూడదా?"

"నోట్లో పుల్ల పెట్టి వరస అడిగితే ఎవరు చెప్తారయ్యా? అదీగాక మీరు అడగలేదు" అంది లోపల్నుంచి వస్తూ ఏడుకొండలమ్మ.

రెండోసారీ మూడూ కలిశాయి. ఏడుకొండలమ్మది కూతురికి, కూతురిది దుర్గకి, దుర్గది పిల్లకి దిగింది. పిల్లదాంట్లో ఆ ఒక్క అక్షరం మళ్లీ అక్కడే తేడాగా ఉంది. యంత్రం తప్పు కాదు, మేం ఊళ్లు పట్టుకు తిరుగుతున్నది అలాంటి కొత్త మార్పు కోసమే. అది ఐవీఎఫ్ వల్లనా కాదా అనేది ఒక్క పిల్లని చూసి చెప్పలేం.

అండం ఈ ఇంటి ఆడవాళ్ల వరసదేననీ, తండ్రి సంగతి ఈ పరీక్ష చెప్పదనీ ఏడుకొండలమ్మకి వివరించాను.

"వాడి సంగతెందుకు? నాది కలిసింది కదా!" అంది. ఆ వారమే పిల్లకి గుండు చేయించారు. ముక్కు ఇంకా పెద్దగా కనిపించింది.

తర్వాత నేను పుల్ల బయటికి తీసే ముందు వరస అడిగేవాణ్ణి. అత్తాకోడళ్లమంటే రాసుకుని ఊరుకోలేదు. పెళ్లికి ముందు ఏమవుతారని కూడా అడిగాను.