భజన గుడిలో నా మూల

నాకు తాళం తెలియదు. బడిలో అందరూ కలిసి ఎక్కాలు చదివేటప్పుడు తరగతంతా ఏడు మూళ్ల దగ్గరుంటే నేను ఏడు ఐదుల దగ్గరుండేవాణ్ణి. అందుకే అయ్యవారు నన్ను ఐదో తరగతిలో ఇంటికి పంపించేశాడని మా నాయన పోయేదాకా నమ్మాడు. నిజానికి గోడ దూకి వచ్చింది నేనే.

కన్నతండ్రికే అబద్ధం చెప్పినవాడు వింతలు చెబితే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. మా గోరంట్ల వైపు పల్లెల్లో చింతచెట్టుకొక దయ్యం ఉందంటారు. ఆ చెట్ల కిందే ఎన్నో మధ్యాహ్నాలు నిద్రపోయాను. ఒక్కటీ పలకరించలేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు సిగ్గుపడ్డాను.

డెబ్బైల చివర్లో వరుసగా రెండో ఏడాది శనక్కాయ చేలోనే మాడిపోయింది. బావులు అడుగంటాయి. ఊరంతా కలిసి ఒక్కో బావినీ లోతు చేస్తున్నాం. ఒకరోజు నేను తాడు పట్టుకుని దిగుతూ, పైన తాడు వదిలేవాళ్లను నవ్విస్తున్నాను. నవ్వు వల్లే వాళ్ల పట్టు జారిందని వాళ్లెప్పుడూ అనలేదు. నేనూ అనలేదు. మూడు నిలువుల లోతున బండ మీద పడ్డాను. కుడి తొడ ఎముక తుంటి దగ్గర విరిగింది.

పట్నం ఆసుపత్రిలో కాలికి బరువు వేలాడదీసి మూడు నెలలు పడుకోబెట్టారు. పంపించేటప్పుడు డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఎముక అతికింది, ఇక నడవడం నీ పని, రెండు నెలల్లో నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు అన్నాడు.

ఇంటికొచ్చాక మూడుసార్లు లేచాను. మూడుసార్లూ పడ్డాను. నాలుగోసారి లేవలేదు. ఊరిని నవ్వించేవాడికి ఊరి ముందర పడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. పలకరించడానికి ఎవరొచ్చినా గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. నెలన్నర అట్లాగే గడిచింది.

ఆషాఢంలో వాన కోసం ఊళ్లో ఏడు రోజుల అఖండ భజన పెట్టారు. పగలూ రాత్రీ దీపం చుట్టూ తిరుగుతూ దేవుడి పేరు పాడుతూనే ఉండాలి. దీపం కొండెక్కకూడదు. పాట తెగకూడదు. ఇంకో జట్టు వచ్చి పాట అందుకునేదాకా, తిరిగే జట్టులో ఎవరూ నోరు మూయకూడదు.

భజనకు గురువు ఓబులప్ప మామ. కమ్మరి పని చేసేవాడు. నేను బాగున్న రోజుల్లో గుడిలో వెనక స్తంభం పక్క మూల నాది. నా గొంతు దీపానికి ఎంత దూరముంటే అంత మంచిదని అక్కడ కూర్చోబెట్టింది ఆయనే. భజన మొదలైన రోజు నా కంచు తాళాలు తీసుకుపోయి ఆ మూలలోనే పెట్టాడట. ఎవరినీ అక్కడ కూర్చోనివ్వలేదట.

మూడో రోజు మధ్యాహ్నం నా పెండ్లాం నాగమ్మ తన వంతుకు బయల్దేరింది. నాకు సంగటి పెట్టి, నువ్వూ రారాదా, మోసుకుని పోతారు అంది.

“ఏడు దినాలు అరిస్తేగానీ వినపడదా మీ దేవునికి? చెవుడా ఏమన్నా?” అన్నాను.

ఆమె కుక్కలు దూరకుండా బయట గొళ్లెం వేసుకుని పోయింది.

మాది బోదగడ్డి కప్పిన ఇల్లు, ఊరికి తూర్పు చివర. గుడి పడమర చివర. ఆషాఢం గాలి పడమర నుంచి వీస్తుంది. అది మనుషులను తోసేస్తుంది. ఈ దిక్కులు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

కునుకు పట్టింది. దగ్గు వచ్చి లేచాను. పొయ్యిలో నిప్పు మిగిలిందో ఏమో, వంట మూల పైన కప్పు అంటుకుంది. ఎండిన బోద కాలుతుంటే మిరపకాయలు వేగినట్టు చిటపటమంటుంది. అరవబోయాను. పొగ గొంతులోకి పోయి ఊపిరే ఆడలేదు. మంచం మీంచి దొర్లి పడ్డాను. తుంటిలో పోటుకు కళ్లు చీకట్లు కమ్మాయి. మోచేతుల మీద పాకి తలుపు చేరాను. తోశాను. అప్పుడు గొళ్లెం గుర్తొచ్చింది.

దేవుణ్ణి తలచుకున్నానని రాస్తే బాగుంటుంది. తలచుకోలేదు. గడప దగ్గర సందుకు నోరు పెట్టి గాలి పీల్చడం తప్ప వేరే ఆలోచన లేదు. నా వెనక నిప్పురవ్వలు మంచం మీద పడుతున్నాయి. గాలిలో గుడి నుంచి తాళాల చప్పుడు వస్తోంది. అది నాకు వినిపిస్తుంది, నేను వాళ్లకు వినిపించను. పొగ కూడా తూర్పుకు, మనిషి లేని చేల మీదికి పోతోంది.

ఉన్నట్టుండి తాళాల చప్పుడు పెద్దదైంది. గుడే లేచి నడిచి వస్తున్నట్టు దగ్గరైంది. గొళ్లెం తీశారు. నన్ను చంకల కింద పట్టుకుని లాగారు. పది పన్నెండు మంది. ఒక్కరూ ఏమైందని అడగలేదు. అందరి నోట్లో దేవుడి పేరే ఉంది. సగం జట్టు దీపం దగ్గర తిరుగుతుంటే సగం జట్టు పాట వదలకుండా పరిగెత్తుకొచ్చింది. మంటలోంచి నన్ను లాగినప్పుడు కూడా పాట తెగలేదు. నన్ను వీధిలో పడుకోబెట్టారో లేదో కప్పు కూలింది.

ఎట్లా తెలిసిందని తర్వాత అడిగితే, నా మూలలోంచి నా గొంతు వచ్చిందన్నారు. ఓబులప్ప మామ ఒక పంక్తి పాడితే, అందరూ అందుకునేటప్పుడు వెనక నుంచి నేనూ అందుకున్నానట. మామ తిరిగి చూశాడు. మూలలో తాళాలున్నాయి, మనిషి లేడు. మళ్లీ వచ్చిందట. వంతు కోసం పక్కన కూర్చున్న నాగమ్మ “అయ్యో, ఇంటికాడ!” అని మొదట పరిగెత్తింది.

నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. నేను ఊరికి చేసిన ఆటలు తక్కువా? పోలీసులు విచారించినట్టు ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. ఏ పంక్తి, ఏ వైపు అని. అందరిదీ ఒకటే జవాబు. గుమ్మఘట్ట నుంచి హార్మోనియం వాయించడానికి వచ్చిన ఆయన నన్ను అంతకుముందు చూసింది లేదు, నా గొంతు విన్నదీ లేదు. ఆ మూలలో పాడేది ఎవరని పక్కనున్నవాళ్లను మొదట అడిగింది ఆయనేనట.

ఇల్లు లేదు కాబట్టి మిగిలిన నాలుగు రోజులూ గుడిలోనే ఉన్నాను. మరునాడు మామ వచ్చి నిలబడ్డాడు.

“లెయ్ అల్లుడా, నీ వంతు వచ్చె.”

“నిలబడలేనోడికి వంతేంది మామా? పడతా.”

“పడు. మేం ఆగం, అంతే.”

ఇద్దరు నా చేతులు భుజాల మీద వేసుకున్నారు. దీపం చుట్టూ మనుషులు తిరుగుతున్నారు. నా కోసం ఆగడానికి వీల్లేదు. ముందుకు పోతుంటే కాలు వెనక ఈడ్చుకుంటూ వచ్చింది. మరుసటి రోజు ఈడ్చుకోవడం తగ్గింది. చెమటకూ నొప్పికీ ఏడ్చాను కూడా, పాటలో కలిసిపోయింది. ఏడో రోజు ఒక్కరి భుజమే పట్టుకున్నాను. దసరాకు చేతికర్రతో బావి దాకా నడిచాను. ఇప్పటికీ కుంటుతాను, కానీ నడుస్తాను.

వాన పడిందా అంటారా? నాలుగు చినుకులు. దుమ్ము కూడా అణగలేదు. పశువులకే మేత లేని ఆ ఏడాది, ఇంటికొక మోపు బోద తెచ్చి మా ఇల్లు మళ్లీ కప్పారు.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. నాది మాత్రం కాదు, నా నోరు గడప సందులో ఉంది. గాలి ఎదురు. పొగ కనపడదు. ఎన్ని రకాలుగా తిప్పి చూసినా లెక్క కుదరలేదు.

చేతికర్రతో మొదటిసారి నడిచి గుడికి పోయిన రోజు, నా మూలలో కూర్చుని మామను గిల్లాను.

“ఏం మామా, నా గొంతు వింటానే అట్ల లేసి పరిగెత్తినారంటే, నా పాటంటే అంత ప్రాణమా మీకు?”

ఓబులప్ప మామ తాళాలు తుడుచుకుంటూ నా మొహం చూశాడు.

“నీ పాటకు లేసేదేముండాది రా? పదేండ్లుగా వింటానే ఉండాం. ఆ పొద్దు నువ్వు తాళం తప్పలేదు. అందుకే భయమేసి లేసినాం.”