కెరమెరి ఘాటులో నా తాళంచెవి

కెరమెరి ఘాటు దిగబోయే ముందు, పద్నాలుగు బండ్ల వాళ్లు చూస్తుండగా, నా బండి తాళంచెవి లాక్కుని నన్ను ఇంకో బండి వెనక కూర్చోబెట్టారు. లాక్కున్నవాడు సిరిసిల్ల నరేశ్. నన్ను అడగలేదు. కారణం చెప్పలేదు. అది తప్పు. ఆ మాట ఆ రోజే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

యాత్ర మాత్రం గొప్పది. వానకాలం చివర్లో ఆదిలాబాద్ ఘాట్లు చూడనివాడు ఎంత తిరిగినా తక్కువే తిరిగినట్టు. వెళ్లదలచినవాళ్లకు పనికొస్తుందని గంటలతో సహా రాస్తున్నాను.

అవి బస్సులు డిపోలు దాటని సమ్మె రోజులు. బడులు మూత, ఆఫీసులు మూత. సిరిసిల్లలో బట్టనేసే మరమగ్గాలు, సాంచాలు, సగం రోజు కరెంటు లేక నిలబడే ఉండేవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పడుచువాళ్లు తెలంగాణ కోసం నెలల తరబడి మోటారుసైకిళ్ల ర్యాలీలు తీసి, ఆ ర్యాలీలలోనే స్నేహితులయ్యారు. వాళ్లకు ముందు నడిచేవాడు నరేశ్. సాంచా నడిపే మనిషి, ముప్పై అయిదేళ్లు ఉంటాయి, గొంతు పెద్దది. "తెలంగాణ తెలంగాణ అని ఒర్లుతున్నం గని, మన ఘాట్లు ఎట్లుంటయో మనమే సూడలె" అని ఒక రోజు కోరుట్ల హోటల్లో అన్నాడు. పక్క బెంచీ మీద నేనున్నాను. నేనూ వస్తానన్నాను.

"నీకెన్నేండ్లే కాకా?" అన్నాడు.

"అరవై ఆరు. బండికి తొమ్మిది. ఇద్దరి కాగితాలూ సక్కగనే ఉన్నయ్" అన్నాను.

నేనెందుకు వెళ్లానో చెప్పాలి. నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. మిగతా చదువంతా లారీ క్యాబిన్‌లో, దొరికిన పాత పేపర్ల మీద. భూమి లేని ఇల్లు మాది. ఇరవై ఏళ్ల వయసు నుంచి ఆరేళ్లు తునికాకు లారీ మీద క్లీనరుగా ఉన్నాను. ఉట్నూరు అడవి గోదాముల నుంచి కోరుట్ల బీడీ ఖార్ఖానాలకు ఆకు తెచ్చేవాళ్లం. కొన్నిసార్లు అటు కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ దిగేవాళ్లం. ఆ ఘాటు నేను ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. ఒక్కసారి కూడా స్టీరింగు పట్టుకోలేదు. డ్రైవరు మంచివాడే, నేర్పుతాననేవాడు. లారీ ఓనరు పటేలు ఒప్పుకోలేదు. "వాని చేతికి బండి ఇచ్చినవంటే నీ నౌకరి పోతది" అన్నాడు, పక్కనే నిలబడి ఉన్న నా వైపు వేలు చూపించి. నలభై ఏళ్లు దాటినా ఆ మాట, ఆ వేలు, ఆ వేలి ఉంగరం నాకు గుర్తే. కెరమెరి ఘాటు ఒక్కసారి నా చేతులతో నేను దిగాలి. నాకు కావలసింది అంతే.

మొదటి రోజు ఉదయం ఏడింటికి కోరుట్లలో బయలుదేరాం. జగిత్యాల వాళ్లు ఆరున్నరకే వచ్చారు. సిరిసిల్ల వాళ్లు రుద్రంగి మీదుగా వచ్చేసరికి ప్యాంట్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. పద్నాలుగు బండ్లు, ఇరవై ఒక్క మంది. ఒక్క బండి మీదా ఏపీ అక్షరాలు లేవు. అందరూ వాటిని చెరిపి టీజీ అని రాయించుకున్నారు. ఆఖరి బండి కోరుట్ల మెకానిక్ సమ్మయ్యది. పానాలు, ట్యూబులు, ప్లగ్గులు గోనెసంచిలో కట్టుకున్నాడు. పోయేవాళ్లకు నా మొదటి సలహా ఇదే: మెకానిక్‌ను తీసుకుపోండి, వాడిని అందరికంటే వెనక ఉంచండి.

మెట్‌పల్లిలో ఏడున్నరకు చాయ. ఆర్మూరు చేరేసరికి తొమ్మిది దాటింది. ఊరి బయట రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. వంటా వార్పు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని ఆ రోజుకు దారి బంద్ చేయడం. మేమూ అదే ఉద్యమం వాళ్లమని నరేశ్ జెండా చూపించాడు. గరిటె పట్టుకున్న ఒక నడివయసు ఆమె కదలలేదు.

"ఎవలైతేంది? తిన్నోళ్లకే తొవ్వ. తినకుంట పోతమంటే ఇడువం" అంది.

పదిన్నర దాకా ఆగి తిన్నాం. పప్పు, పచ్చిపులుసు, వేడన్నం. నా విస్తట్లో రెండోసారి వడ్డిస్తూ ఆమె "అరవై తొమ్మిది ఉద్యమంల గిట్లనే వండిండ్రా బాపూ?" అని అడిగింది. "అప్పుడు వంట లేదు బిడ్డా, లాఠీలే" అన్నాను. "అయితే గప్పటిది గూడ గిప్పుడే తిను" అని ఇంకో గరిటె వేసింది. ఆ తల్లి పేరు అడగలేదు. ఇప్పటికీ అది నాకు వెలితే.

సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్ చేరేసరికి పన్నెండు. అక్కడి నుంచి మహబూబ్ ఘాటు ఎక్కాలి. పాత రోడ్డు మీదే పోవాలని నేను పట్టుబట్టాను. చూడవలసింది అదే. ఎక్కడం మొదలుపెట్టినప్పుడు ఎండ. రెండో మలుపులో చినుకులు. నాలుగో మలుపులో కళ్లు తెరవనివ్వని వాన. ఆపై మలుపులో మళ్లీ ఎండ, రోడ్డంతా పొగలు. టేకు చెట్లు తెల్లటి పూత మీద ఉన్నాయి. ఆకుల మీద వాన పడుతుంటే వెయ్యి డప్పులు దూరంగా మోగినట్టుంది. రోడ్డు కింది ప్రతి మోరీ తూము నుంచీ ఎర్రనీళ్లు దూకుతున్నాయి. ఒక కొండ మీద మబ్బు నీడ, పక్క కొండ మీద ఎండ, మధ్య లోయలో వాన. మూడూ ఒక్క చూపులో కనబడ్డాయి.

మావాళ్ల తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. వీళ్లకు గుంపుగా బండి నడపడం ర్యాలీలలో వచ్చిన విద్య. ర్యాలీలో ఇద్దరిద్దరు పక్కపక్కన, హ్యాండిలుకు హ్యాండిలు తగిలేంత దగ్గరగా, హారన్ మీది చెయ్యి తీయకుండా పోతారు. ఘాటు కూడా అలాగే ఎక్కుతున్నారు. ఎదురుగా దిగుతున్న లారీ గట్టిగా బ్రేకు వేసింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఊరేగింపానే గిది? పెండ్లికొడుకేడి?" అని అరిచాడు.

నేను అందరినీ ఆపి వరసలో నిలబెట్టాను. ఒకరి వెనక ఒకరు, మధ్య మూడు బండ్ల జాగా, మలుపులోనే హారన్, ఎక్కేవాడికే దారి. నరేశ్ మారుమాట్లాడకుండా విని, "కాక చెప్పినట్టు నడువుండ్రి" అన్నాడు. ఆ తర్వాత వాళ్లు పోయిన తీరు చూసి నాకు ముచ్చటేసింది. దారం తీసినట్టు పోయారు.

నేరడిగొండలో రెండున్నరకు చాయ. ఇచ్చోడలో నాలుగుంపావుకు కుడివైపు తిరిగాం. ఉట్నూరులో ఆరు. జగిత్యాల నుంచి వచ్చిన వేణు సారుకు తెలిసిన హాస్టలు ఉంది. సమ్మెతో పిల్లలు ఇళ్లకు పోయారు, గదులు ఖాళీ. కాపలా మనిషి జొన్నరొట్టెలు, పెసరపప్పు చేయించాడు. బట్టలు ఆరేసుకుని తింటుండగా, మర్నాటి ఘాటు ఎట్లుంటుందని వాళ్లు అడిగారు. కెరమెరి మలుపులన్నీ వేళ్ల మీద చెప్పాను. ఎక్కడ రోడ్డు ఎడమకు వాలుతుందో, ఎక్కడ వాగు గులక తెచ్చి రోడ్డు మీద పోస్తుందో. వాన, మంచు ఉన్నప్పుడు క్లీనరే లారీకి కన్ను. తలుపులోంచి సగం బయటికి వంగి, రేకు మీద ఒక దెబ్బ కొడితే పో అని, రెండు కొడితే ఆగు అని. "రేపు నేను ముందుంటాను" అన్నాను. ఎవరూ కాదనలేదు.

రెండో రోజు ఏడింటికి బయలుదేరినప్పుడు ఎండ కడిగిన గిన్నెలా మెరుస్తోంది. జైనూరులో ఎనిమిదింపావు. రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్ముతున్న గోండు అవ్వ పైకి చూసి, "జల్ది పోండ్రి. మబ్బు దిగుతది" అంది. మేమందరం ఆకాశం చూసి నవ్వాం. ఆమె నవ్వలేదు.

తొమ్మిదిన్నరకు ఘాటు పైకి చేరాం. రోడ్డు అక్కడ ఆగిపోయినట్టుంది. అవతల మంచు, తెల్లటి గోడలా. మా ముందున్న మైలురాయి కనబడింది, దాని అవతలి చెట్టు కనబడలేదు. నేను గొంతు సవరించుకుని బండిని ముందుకు తెచ్చాను. నరేశ్ బండి దిగి వచ్చాడు. వంగి, నా బండి తాళంచెవి తిప్పి లాగేశాడు.

"ఏందిది?" అన్నాను.

"నా ఎనుక కూసో కాకా."

"ఎందుకు? ముసలోణ్ణనా?"

తాళంచెవి, అందాకా ఇంకొకరి వెనక కూర్చుని వచ్చిన వేణు సారు చేతిలో పెట్టి, నా బండి ఆయన్ను తీసుకురమ్మన్నాడు. వెనకనుంచి ఎవడో "తాతకు రెస్టు" అన్నాడు. "తాత మీ ఇంట్ల ఉంటడు, నేను కాకను" అన్నాను. నవ్వారు. ఆ నవ్వులో నేను వెళ్లి నరేశ్ వెనక కూర్చున్నాను. కూర్చున్నది ఇష్టపడి కాదు. అందరి ముందూ తాళం కోసం కొట్లాడితే ఇంకా చిన్నవాడినైతానని. ఎక్కడ కూర్చున్నానో నాకు తెలుసు. మళ్లీ క్లీనరు సీట్లో.

దిగడం మొదలైంది. నాలుగు గజాల రోడ్డు, ఆపైన పాలు. వెనక పదమూడు బండ్లలో ఒకటి రెండింటి లైట్లే పచ్చగా మినుకుమంటున్నాయి. మొదటి మలుపు ముందు నా చెయ్యి నన్ను అడక్కుండా లేచి నరేశ్ కుడి భుజం మీద పడింది. కుడికి తిరిగాడు. తర్వాత ఎడమ భుజం. ఎడమకు తిరిగాడు. నా కోపం నాకుంది, నా చెయ్యి పని దానికుంది. సగం దిగాక నీళ్ల చప్పుడు వినిపించింది. భుజం మీద రెండు దెబ్బలు కొట్టాను. ఆపాడు. వెనక వరసంతా ఆగింది. బండి ముందు చక్రానికి రెండు మూరల దూరంలో వాగు తెచ్చిన గులక, రోడ్డు సగం దాకా. దిగి, బండ్లు ఒక్కొక్కటే నడిపించి దాటించాం.

ఆ పిల్లవాడు బండి నడిపిన తీరు మాత్రం ఒప్పుకోవాలి. ఒక్కసారి కూడా గబుక్కున బ్రేకు పట్టలేదు. మొదటి గేరు వదలలేదు. తెగిన పోగు ముడివేసే చేతులు, అంత మెత్తగా హ్యాండిలు తిప్పాయి. ఆఖరి మలుపు దాటగానే మంచు తలుపు తీసినట్టు తొలగింది. కింద కెరమెరి పత్తిచేలు, వాటి మీద ఎండ, మా వెనక కొండ నడుముకు చుట్టుకున్న తెల్లటి మబ్బు. ఇరవై ఒక్క మందిలో ఎవరి నోటా జై కొట్టే మాట కూడా రాలేదు. ఉద్యమంలో తిరిగిన ఇన్ని నెలల్లో వాళ్లు అంతసేపు ఊరకుండడం నేను అప్పుడే చూశాను.

పదకొండింటికి నా తాళంచెవి నాకు తిరిగి వచ్చింది. సాఫు రోడ్డు మీద ఎవడైనా నడుపుతాడు. "ఎందుకు తీసుకున్నవ్?" అని అడిగాను. "చాయ తాగుదం పా కాకా" అన్నాడు నరేశ్.

ఆసిఫాబాద్‌లో పన్నెండున్నరకు భోజనం దగ్గర మళ్లీ అడిగాను. వినబడనట్టు మడ్‌గార్డు బురద గీకాడు. సమ్మయ్య మధ్యలో దూరి, "నీ మీద ప్రేమతోని, పావురంతోని తీసుకున్నడు గావచ్చు, ఇడిసిపెట్టు కాకా" అన్నాడు. "పావురం ఉంటే అడిగి తీసుకోవాలె" అన్నాను. మంచిర్యాల మూడింటికి. లక్సెట్టిపేటలో మూడోసారి అడిగాను. అక్కడ వాన పట్టుకుంది. చూరు కింద నా పక్కనే నిలబడి, చొక్కా కొసలు పిండుకున్నాడు.

రాయపట్నం వంతెన మీద అయిదున్నర. గోదావరి ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. ఆకాశం పడమట ఎర్రగా, తూర్పున నల్లగా. రెండు రోజుల్లో అన్ని కాలాలూ నా ఒంటి మీదుగా పోయాయి. వాన దెబ్బలకు వేళ్లు ముడతలు పడ్డాయి. ఇంత అందమైన నేల మనదేనని అరవై ఆరేళ్లకు కళ్లారా చూశాను. లారీ మీద ఉన్నప్పుడు నేను చూసింది రోడ్డునే.

ఆరున్నరకు జగిత్యాల. అక్కడ విడిపోవాలి. మేం కోరుట్లకు, వాళ్లు కొండగట్టు మీదుగా సిరిసిల్లకు. మిగతావాళ్లు పెట్రోలు బంకు వరసలో ఉన్నారు. నరేశ్ బండి ఎక్కి కిక్ కొట్టబోతుంటే దగ్గరికి వెళ్లి, తాళంచెవి లాగి పిడికిట్లో పెట్టుకున్నాను.

"చెప్పేదాకా ఇయ్య. ముసలోణ్ణనా? మా అసుంటోనికి బండెందుకనా? ఏదైనా సరే, మొఖం మీద చెప్పు" అన్నాను.

అతడు బంకు వైపు ఒకసారి చూశాడు. ఎవరూ వినడం లేదని తేల్చుకున్నాక తల వంచుకుని అన్నాడు:

"నాకు ఘాటు రాదే కాకా. మా ఊరి మానేరు కట్ట దిగుడు తప్ప నేనేం దిగలె. మంచు సూడంగనే ఎటు దిగాల్నో సమజ్ కాలె. గన్ని బండ్లకు ముంగట నడిసెటోన్ని, భయమైతుందని ఎట్ల జెప్పుదు? నిన్నే ముంగట వెడితే అయిపోతుండె, గా బుద్ధి అప్పుడు పుట్టలె. తప్పే. ఎనుక ఒక్క మనిషుంటే సాలు, దిగుత అనిపిచ్చింది. నీ బండి నువ్వు తోలుకుంట పోతే, నా భుజం మీద చెయ్యి ఎవలేస్తుండ్రి?"