చేతులు ఊపని నడక

ఆస్పత్రి లాండ్రీ తలుపు దగ్గర్నుంచి కొత్త భవనంలోని ఏడో వార్డు గుమ్మం దాకా ఆరువందల నలభై అడుగులు. ఎవరో టేపు పెట్టి కొలిచి చెప్పిన లెక్క కాదు ఇది. కొత్త భవనం తెరిచిన వారంలో రైలు బాబాయి తనకు తానే లెక్కపెట్టుకున్నాడు. ఒకసారి ఆరువందల ముప్పై ఎనిమిది వచ్చింది, ఇంకోసారి నలభై మూడు. లిఫ్టు దగ్గర ఎవరికో దారి ఇవ్వబోయి పక్కకు అడుగు వేసి ఉంటానులే అనుకుని నలభై దగ్గర ఖాయం చేసుకున్నాడు. ఉతికిన దుప్పట్లతో వెళ్ళడం, మాసినవాటితో తిరిగి రావడం. రోజుకు పదకొండు సార్లు.

ఆయన తోసే ట్రాలీ ఆయన తలకంటే ఎత్తు. ఎదురుగా వచ్చేవాళ్ళకు మనిషి కనిపించడు, దుప్పట్ల వెనక నుంచి "జరగాలమ్మా, జరగాలి" అనే గొంతు మాత్రం వినిపిస్తుంది. రైలు అనే పేరు అలా వచ్చింది. ఇరవై రెండేళ్ళలో అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

లాండ్రీ ఉన్న పాత భవనం నేల, కొత్త భవనం నేల ఒక ఎత్తులో లేవు. కట్టేటప్పుడు ఎవరూ చూసుకోలేదు, కట్టాక మధ్యలో ఒక ర్యాంపు పోశారు. ఆ ఆరువందల నలభైలో ర్యాంపు అరవై అడుగులే. కిందటి వానాకాలంలో నేల తడిగా ఉన్న రోజున ట్రాలీ ఆ ర్యాంపు మీద వెనక్కి జారితే, రైలు బాబాయి కుడి మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. ట్రాలీ ఆగింది. మోకాలు మాత్రం అప్పట్నుంచీ ఎత్తు ఎక్కినప్పుడల్లా టక్కుమంటోంది. ర్యాంపు దగ్గర చెయ్యి వేయడానికి రెండో మనిషిని ఇవ్వమని అర్జీ పెట్టుకున్నాడు. లాండ్రీ మేడమ్ మంచి మనిషి, వెంటనే పైకి పంపింది. పైవాళ్ళు తిప్పి పంపారు. పని భారం ఎంతో ఆధారం చూపించమన్నారు.

"ఆధారమంటే ఏం చూపించాలమ్మా? మోకాలు చూపించనా?"

"మోకాలు చూస్తే సెలవు పెట్టుకోమంటారు బాబాయ్. అంకెలు కావాలి వాళ్ళకి."

సరిగ్గా ఆ నెలలోనే నడక పోటీ వచ్చింది.

ఆఫీసమ్మాయి ఒక అట్టపెట్టె నిండా నల్లటి పట్టీలు తెచ్చి ఒక్కొక్కరి మణికట్టుకూ కట్టింది. ఇది పోటీ కాదు, సరదా అంది. జట్టుకు అయిదుగురు. అయిదుగురి అడుగులూ కలిపి కిలోమీటర్లుగా మారుస్తారు. పడమటి సముద్రం దగ్గర బయల్దేరి, దేశానికి అడ్డంగా నడుచుకుంటూ, అరవై రోజుల్లో తూర్పు సముద్రం చేరాలి. చేరడమంటే ఎవరూ ఆస్పత్రి దాటనక్కర్లేదు. క్యాంటీన్ పక్కన టీవీలో మ్యాపు ఉంటుంది, దాని మీద జట్టుకో రంగు చుక్క. చుక్క ఏదైనా ఊరు దాటితే ఆ ఊరి ఫోటో వస్తుంది.

లాండ్రీ జట్టులో ఇస్త్రీ అక్క కెప్టెన్. ఉతికే మెషీన్ల దగ్గర పనిచేసే అన్నదమ్ములు ఇద్దరు. రైలు బాబాయి. అయిదోవాడు ఆయన తోడల్లుడు, మడతల బల్ల దగ్గర నిలబడి దుప్పట్లు మడతపెట్టే మనిషి. ఎనిమిదేళ్ళ కిందట రైలు బాబాయే మేడమ్‌కి చెప్పి అతన్ని ఇక్కడ పెట్టించాడు. అంతకుముందు అతను పట్టుకున్న పని ఏదీ రెండేళ్ళు నిలవలేదు.

పట్టీ కట్టించుకున్న పూటే రైలు బాబాయి మేడమ్ గదికి వెళ్ళాడు. ఆయన ముఖంలో అంత హుషారు ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"అంకెలు అడిగారు కదమ్మా. రెండు నెలలు ఆగండి. నేను నోరు విప్పక్కర్లేదు, ఇదే చెప్తుంది," అని మణికట్టు చాపాడు.

"భలే ఆలోచన బాబాయ్. మీ లెక్క నేనే జతచేసి పంపిస్తాను."

ఆవిడ అర్జీ అడుగున 'నడక వివరాలు జతచేయబడును' అని రాసి సంతకం పెట్టింది. ఆయన ఆ సిరా ఆరేదాకా అక్కడే నిలబడ్డాడు.

మొదటి రోజు సాయంత్రం ఇస్త్రీ అక్క ఫోన్లో చూసి అంకెలు చదివింది. తనవి పన్నెండు వేలు. అన్నదమ్ములవి చెరో తొమ్మిది వేలు. తోడల్లుడివి ఇరవై ఒక్క వేల మూడువందలు. రైలు బాబాయివి పందొమ్మిది వందల పన్నెండు.

"ఇంకోసారి చదువు," అన్నాడాయన.

ఇంకోసారి చదివినా అంతే వచ్చింది.

"ఏంటి బాబాయ్, రైలుకి సిగ్నల్ పడలేదా?" అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దవాడు.

"పడింది, ఇంజను తగిలించడం మర్చిపోయారు," అన్నాడు చిన్నవాడు.

"పోనీలేరా, మా అన్నయ్య నెమ్మదస్తుడు. నేను లాక్కెళ్తాలే," అన్నాడు తోడల్లుడు. ఎగతాళి కాదు, ప్రేమగానే అన్నాడు.

కబురు ఆయన కంటే ముందే ఇల్లు చేరింది. ఆయన భార్య నూనె గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"మా మరిది ఇరవై వేలు దాటాడంట. చెల్లెలు పనిగట్టుకుని ఫోన్ చేసింది. మీరు రోజంతా ఎక్కడ కూర్చుంటున్నారు?"

"కూర్చోవడమేంటే?"

"నేనన్లేదు, ఆ గడియారం అంటోంది. కూర్చునేవాడి మోకాలు ఇంతలా ఎందుకు వాచిందో కూడా దాన్నే అడగండి." మోకాలికి నూనె పట్టిస్తూ తనలో తనే నవ్వుకుంది. ఆయన నవ్వలేదు.

పట్టీ పాడైందనుకుని రెండుసార్లు మార్పించుకున్నాడు. నాలుగో రోజు, వసారా ఖాళీగా ఉన్నప్పుడు, పరీక్షపెట్టి చూశాడు. ట్రాలీ తోసుకుంటూ నూరు అడుగులు వేసి పట్టీ చూశాడు. ఒక్క అంకె కదల్లేదు. ట్రాలీ వదిలేసి చేతులు ఊపుకుంటూ ఇరవై అడుగులు వేశాడు. ఇరవై కదిలాయి. వెనక్కి వచ్చి ట్రాలీ పిడి మీద రెండు చేతులూ పెట్టి, కాసేపు ఆ చేతుల వంక చూస్తూ నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం మడతల బల్ల దగ్గర నిలబడ్డాడు. తోడల్లుడు దుప్పటి అంచులు పట్టుకుని ఒక్క దులుపు దులిపాడు, మధ్యకు తెచ్చాడు, మళ్ళీ దులిపాడు. చేతికున్న పట్టీలో అంకె ఎగిరెగిరి పడుతోంది. కాళ్ళు మాత్రం పొద్దున ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. రబ్బరు చాప మీద ఆ రెండు పాదాల గుంటలు ఎనిమిదేళ్ళుగా ఉన్నాయి.

"ఏంటన్నయ్యా, అలా చూస్తున్నావ్?"

"ఏం లేదురా. చెయ్యి తిరిగిందని చూస్తున్నా."

ఆఫీసమ్మాయిని అడిగితే ఆ పిల్ల దాచలేదు. "చెయ్యి ఊగితేనే దానికి నడక బాబాయ్. మీరు కొంచెం చేతులు ఊపాలి."

"నేను చేతులు ఊపితే ట్రాలీ ఎవరు తోస్తారమ్మా?"

ఆ పిల్ల ఆలోచించింది. "నిజమే కదా," అంది. నిజంగానే బాధపడింది కూడా. అంతకంటే ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు.

మర్నాడు ఆయన పట్టీ విప్పి, ప్లాస్టరు చుట్టి చీలమండకు కట్టుకున్నాడు. ఇస్త్రీ అక్క చూసి ఇస్త్రీ ఆపేసింది.

"కాలికి బలపం కట్టుకుని తిరిగేవాళ్ళంటే విన్నాను గానీ కళ్ళారా చూడటం ఇదే బాబాయ్."

ఆ సాయంత్రం పద్నాలుగు వేల తొమ్మిది వందలు చూపించింది. ఆ అంకెను ఎవరికీ చెప్పకుండా బస్సులో కూర్చుని మూడుసార్లు చూసుకున్నాడు. కానీ రాత్రికి రాత్రే చుక్క ముందుకు దూకడం పోటీలో ఉన్న రికార్డుల గది జట్టు కంట్లో పడింది, ఫిర్యాదు చేశారు. పొద్దునకల్లా ఆ అంకె తుడిచేశారు. పట్టీ మణికట్టుకే ఉండాలట, ఇంకోసారి ఇలా చేస్తే జట్టునే తీసేస్తారట.

"విప్పేయ్ బాబాయ్," అంది ఇస్త్రీ అక్క. "నువ్వు తిరుగుతావని మాకు తెలుసు. ఈ వయసులో దొంగలెక్క అనిపించుకోవడం దేనికి?"

విప్పేశాడు. తర్వాత రెండు రోజులు ఒక చేత్తో తోస్తూ రెండోది ఊపి చూశాడు. ట్రాలీ ఎడమకు కోసుకుపోయి గోడ సున్నం గీరింది, పైవరస దుప్పట్లు నేల మీద పడ్డాయి. అవన్నీ మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. అన్నదమ్ములు మెషీను తలుపు కొంచెం గట్టిగా వేశారు.

మేడమ్‌కి చెప్పేయాలని ఒకరోజు వెళ్ళాడు. "అమ్మా, ఈ పట్టీ..." అని మొదలుపెట్టాడు.

"మీ జట్టు రెండో స్థానంలో ఉంది బాబాయ్. లాండ్రీ అనేది ఒకటుందని పైవాళ్ళకి ఇప్పుడే తెలిసింది. అంతా మీ తోడల్లుడి చలవే," అందావిడ. తోడల్లుడు సంతకం కాగితం పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆ మాటకు అతని చెవులు ఎర్రబడ్డాయి. కిందకి చూసి, కాగితం అంచు మడిచి, మళ్ళీ విప్పాడు.

"పట్టీకి ఏమైంది బాబాయ్?"

"కొంచెం బిగుతుగా ఉందమ్మా," అన్నాడు రైలు బాబాయి.

ఆ ఆదివారం తోడల్లుడి ఇంటికి వెళ్తే గోడ మీద దేశం మ్యాపు కనిపించింది. పడమటి సముద్రం నుంచి ఒక్కో ఊరి మీదా గుండుసూదులు గుచ్చి, వాటిని ఎర్ర దారంతో కలిపారు. ఉప్పు మడుల ఊరు, గాలిమరల కొండ, నది మీద ఇనప వంతెన. రోజూ పని నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా తోడల్లుడు దారం కదుపుతాడట.

"బావగారూ, మీ తమ్ముడు ఏ విషయంలోనైనా ముందుండటం మా పెళ్ళయ్యాక ఇదే మొదలు," అంది మరదలు, మంచినీళ్ళు అందిస్తూ. తమాషాగా అనబోయింది గానీ, చివరికొచ్చేసరికి మ్యాపువైపు తిరిగింది. రైలు బాబాయి నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చేశాడు.

యాభై ఆరో రోజున పైనుంచి కాగితం వచ్చింది. మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి మరీ చదివింది. 'సదరు ఉద్యోగి సగటు నడక రోజుకు రెండు వేల అడుగులు మాత్రమే. రెండో మనిషి అవసరం కనబడలేదు.'

"నేను ఈ కుర్చీలో కూర్చునే నాలుగు వేలు నడుస్తున్నాను బాబాయ్. పంపేముందు నేనైనా చూడాల్సింది. మీరు అంత ధీమాగా చెప్పారని నెల కాగానే జతచేసి పంపేశాను."

"అవునమ్మా. నేనే జతచేయమన్నాను."

అప్పుడు చెప్పాడు. చేతులు పిడి మీద ఉంటే పట్టీకి నడక తెలియదని, నూరు అడుగులకూ సున్నా వచ్చిందని, ఆరువందల నలభై అడుగులని, రోజుకు పదకొండు సార్లని. ఆవిడ పెన్ను కింద పెట్టి విన్నది. తర్వాత అడిగింది.

"చెయ్యి ఊగితేనే అంకె పడుతుందంటే, మరి మీ తోడల్లుడి ఇరవై వేలు?"

ఆయన గోడ మీది క్యాలెండరు చూశాడు. ఆవిడకు జవాబు అక్కర్లేకపోయింది.

"రాసివ్వండి," అని ఒక తెల్లకాగితం ఇచ్చింది. "పట్టీ లెక్క తప్పు, ఎందుకు తప్పు అనేది మీ మాటల్లో రాయండి, పంపిస్తాను. కానీ ఒకరిది తప్పంటే మిగతావాళ్ళవీ తీసి చూస్తారు, జట్టు లెక్క మొత్తం కొట్టేస్తారు. అంతా చేశాక మనిషిని ఇస్తారా అంటే, ఇస్తారని నేను చెప్పలేను. మీ ఇష్టం."

కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఒకసారి తీసి తన పేరు రాశాడు, కింద తేదీ రాశాడు. పేరుకీ తేదీకీ మధ్య ఏం రాయాలో అంతా తెలుసు. భార్య వచ్చి పక్కన కూర్చుని ఆ ఖాళీ చూసింది. "చెల్లెలు ఆ దారం రోజూ చూపించి మరీ మురిసిపోతోందండీ," అని మాత్రం అంది. రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కాగితం మళ్ళీ జేబులోకి వెళ్ళింది. చొక్కా ఉతుకుడుకు వెళ్ళే రోజు వచ్చేదాకా అక్కడే ఉంది.

అరవయ్యో రోజు లాండ్రీ చుక్క తూర్పు సముద్రం చేరింది. రెండో స్థానం. ఫోటో తీయడానికి ఆఫీసమ్మాయి వచ్చింది. సాయంత్రం పట్టీలు తిరిగి ఇచ్చేయాలని కూడా చెప్పింది. తోడల్లుడి మెడలో రిబ్బను పతకం వేశారు. రైలు బాబాయిని ట్రాలీతో సహా మధ్యలో నిలబెట్టారు, రైలు లేకుండా ఫోటో ఏం బావుంటుందన్నారు. దుప్పట్ల వెనక ఆయన సగమే కనిపించాడు.

ఫోటో అయింది. ఏడో వార్డు నుంచి ఫోన్ మీద ఫోన్. ఆయన బయల్దేరాడు. ఇంకా పతకం తీయని తోడల్లుడు వెనకాలే వచ్చాడు. "ఇవాళ ఒక్కరోజు నేను చెయ్యి వేస్తాను అన్నయ్యా, కొత్త భవనం నేనసలు చూడనే లేదు."

ర్యాంపు మొదట్లో ఇద్దరూ పిడి పట్టుకున్నారు. నాలుగు చేతులు పడేసరికి ట్రాలీ మెత్తగా ఎక్కింది. ఏడాదిగా రైలు బాబాయి మోకాలు ఆ చోట టక్కుమనకుండా ఉండటం అదే మొదటిసారి. తోడల్లుడికి పాతిక అడుగులకే ఆయాసం వచ్చింది.

"ఇంత బరువుందేంటిది," అన్నాడు. అలవాటుగా పట్టీ చూసుకున్నాడు. పది అడుగులు నడిచాక మళ్ళీ చూశాడు. "అన్నయ్యా, నాది ఆగిపోయింది."

రైలు బాబాయి నెడుతూనే ఉన్నాడు. ట్రాలీ ఆపితే వెనక్కి జారుతుంది కాబట్టి ఆపలేదు.

తోడల్లుడు ఒక చెయ్యి తీసి ఊపాడు. చూశాడు. మళ్ళీ పిడి మీద పెట్టాడు. మళ్ళీ చూశాడు. అతని నడక నెమ్మదించింది, బరువంతా ఒక్కసారిగా రైలు బాబాయివైపు వాలింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ముందు నెట్టు. జారుతుంది."

"అన్నయ్యా."

"నాలుగో రోజు."

వెనక నుంచి ఇస్త్రీ అక్క కేక వేసింది. మడతల బల్ల మీద దుప్పట్లు గుట్టపడ్డాయట, మెషీన్లు ఆగిపోయేలా ఉన్నాయట. తోడల్లుడు కేకవైపు చూశాడు, ట్రాలీవైపు చూశాడు.

"వెళ్ళు," అన్నాడు రైలు బాబాయి. "నాకు అలవాటే."

తోడల్లుడు చేతులు తీసిన క్షణంలో ట్రాలీ ఒక జానెడు వెనక్కి వచ్చింది. రైలు బాబాయి కుడి మోకాలు దానంతట అదే అడ్డం వెళ్ళింది. కాసేపు అలాగే ఆనించి ఉంచి, ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగి చూశాడు. తోడల్లుడు ర్యాంపు దిగి వెళ్తున్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని నడుస్తున్నాడు.

ర్యాంపు ఇంకా ఇరవై అడుగులుంది. ఆయన పిడి మీద పట్టు సవరించుకుని, దుప్పట్ల అవతల ఎవరున్నారో తెలియక, "జరగాలమ్మా, జరగాలి," అన్నాడు.