ఫ్యూజు నాన్న జేబులో

ఫ్యూజు పీకినవాడు దాన్ని జేబులో వేసుకోవాలి. స్టీలు ప్లాంటులో కరెంటు పని చేసినన్నాళ్ళూ మా నాన్న ఈ నియమం తప్పలేదు. మనం తీగల మీద చెయ్యి పెట్టి ఉండగా ఇంకెవడో సప్లై ఇచ్చెయ్యకుండా ప్లాంటు వాళ్ళు చేసుకున్న అలవాటది. రిటైరై మరోదా పేటలో ఉన్న నా షెడ్డుకి వస్తున్నా ఆ జేబు మానలేదు. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు పెట్టుకుని ఊళ్ళు తిరిగే బండ్లకు నేను వైరింగు చేస్తాను. పని నాదే గాని ఫ్యూజు ఆయనది.

మొన్న ఎండాకాలం అలాంటి బండి ఒకటి వచ్చింది. దొంగల భయంతో యజమాని వెనక తలుపుకి లోపలి హ్యాండిల్ తీయించేసి, బటన్ నొక్కితే తెరుచుకునే తాళం పెట్టించాడు. గోడల నిండా మందపాటి ఫోము. కిటికీలు తెరుచుకోవు. డ్రైవరు వైపు ప్లైవుడ్డు అడ్డం. ఏం తెలివో! నేను మల్టీమీటరు తీగలు పట్టుకుని మంచం కింద దూరాను. నాన్న మంచం పక్కనున్న బ్యాటరీ మెయిన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. "పవర్ హౌస్ బజారుకెల్లి వైరు తెస్తాను" అని దిగి, దుమ్ము పడకుండా తలుపు వేసి వెళ్ళిపోయాడు.

ఉక్క పోసి కాసేపటికి బటన్ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. కరెంటు లేనిదే తాళం రాదని అప్పుడు తట్టింది. ఫోను బయట బల్ల మీద ఉంది. తలుపు బాదాను. పక్క షాపులోని వెల్డింగు భయ్యాని గొంతు చించుకుని పిలిచాను. ఎవరూ రాలేదు. ఊపిరి ఆడడం లేదనిపించి చచ్చేంత భయమేసింది. ఫ్యూజు జేబులో వేసుకోవడం నన్ను కాపాడడానికి పెట్టిన నియమమని గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

చేతిలో ఉన్నది మీటరొక్కటే. దాని ఎర్ర తీగను పది ఆంపియర్ల రంధ్రంలో గుచ్చి, రెండు మొనలూ ఫ్యూజు ఉండాల్సిన చోట ఆనిస్తే కరెంటు మీటరు గుండా పారుతుంది. లోడు ఎక్కువైతే మీటరులోని చిన్న ఫ్యూజు కాలిపోతుంది, ఇక ఆ దారీ ఉండదు. అందుకని ఫ్రిజ్జు, పంపు, లైట్లు అన్నీ ఆపేశాను. మొనలు పట్టుకోవడానికే రెండు చేతులూ సరిపోయాయి. బటనేమో తలుపు పక్కన. బోర్లా పడుకుని కాలు చాపి బొటనవేలితో తడిమాను. మొన జారింది. మళ్ళీ ఆనించి నొక్కాను. తాళం టక్కుమనగానే తలుపును ఒక్క తన్ను తన్నాను.

అప్పుడే స్కూటరు దిగుతున్న నాన్న మొదట ఫ్యూజు చోట ఆనించి ఉన్న మీటరు మొనల్నే చూశాడు.

"ఫ్యూజు నా జేబులో ఉండగా సప్లై ఎవులిచ్చారే?"

"నేనే! లోపల్నుంచి తలుపు రాదు నాన్నా. సచ్చిపోయేదాన్ని!"

నాన్న మీద అంత గొంతు ఎప్పుడూ లేపలేదు. ఆయన బటన్ వైపు, తలుపు వైపు చూశాడు. చేతిలోని వైరు చుట్ట కింద పెట్టి, నన్ను దిగమని తను బండి ఎక్కాడు.

"తలుపెయ్యి."

"ఏటి?"

"ఎయ్యమ్మా."

వేశాను. బయటి హ్యాండిల్ బాగానే పనిచేస్తుంది, దాని మీదే చెయ్యి ఉంచి నిలబడ్డాను. ఎదురింట్లో కుక్కరు కూత వేసింది. బండిలోంచి మాత్రం చప్పుడు లేదు. పంతానికి మూతి ముడుచుకుని కూర్చున్నాడనుకుని, నా కోపం కొద్దీ ఇంకాసేపు ఉండనిచ్చాను. తర్వాత ఉండబట్టలేక తెరిచాను.

తలుపును అంటిపెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. గొంతు బొంగురుపోయింది.

"అప్పట్నించీ నిన్నే పిలుస్తన్నాను. ఇనబడ్డాదేటి?"

ఒక్కటీ వినబడలేదని చెప్పాను.