క్యారియర్‌లో మిరియం గింజ

ఆ బడిలో ఆయన అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. అందరికీ గంటాయనే. ముప్పై ఏళ్లుగా గంట కొట్టడమే పని. పిల్లలకు మధ్యాహ్నం గంట కొట్టి, గిన్నెలు, నీళ్లు సర్ది, మళ్లీ గంట కొట్టేలోపు తనకు మిగిలేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో క్యారియర్ ఖాళీ. నమిలేవాడు కాదు, పోస్టు డబ్బాలో ఉత్తరాలు వేసినట్టు వేసేవాడు. అయినా సాయంత్రం ఇంటికెళ్లి, "నీ చేతి రుచి ఎక్కడా రాదే!" అని భార్యను మెచ్చుకోవడం మాత్రం ఏనాడూ మానలేదు.

ఈ ఏడాది బడికి కరెంటు గంట వచ్చింది. దానంతటదే మోగుతుంది. గంటాయన చేతికి పని పోయి, మధ్యాహ్నం నలభై నిమిషాలు మిగిలాయి. ఏం చేసుకోవాలో తెలియక టైపిస్టు అమ్మాయి పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టాడు.

"బాబాయ్, అన్నం ఎక్కడికీ పారిపోదు," అందా అమ్మాయి. "ముద్ద నోట్లో పెట్టుకున్నాక చెయ్యి ఒళ్లో పెట్టుకోండి. మింగేదాకా తియ్యకండి. డాక్టరు నాకు చెప్పిన కిటుకు."

మొదటి రోజు చెయ్యి ఒళ్లో నిలవలేదు. రెండో రోజు నిలిచింది. మూడో రోజు బంగాళాదుంప ముక్క అంచు వేగి కరకరలాడుతోందని తెలిసింది. "ఇన్నాళ్లూ ఇంత రుచా!" అని మురిసిపోయాడు పాపం.

నాలుగో రోజు పంటికింద మిరియం గింజ తగిలింది.

చెయ్యి ఒళ్లోనే ఆగిపోయింది. ఆయన ఇంట్లో మిరియాలుండవు. ఆ పొట్లం గుమ్మం దాటితే చాలు, భార్య వరసగా మూడు తుమ్ములు తుమ్ముతుంది. మెల్లగా మెడ చాచి పక్క డబ్బాలోకి చూశాడు. అదే బంగాళాదుంప. అవే మిరియాలు.

"అమ్మాయ్, నీ కూర ఎవరు చేశారు?"

"సందు చివర హోటలాయన. పొద్దున్న పిన్నిగారూ నేనూ ఒకే లైన్లో..." అని నాలిక కరుచుకుంది. "అయ్యో, మీకు తెలీదా బాబాయ్?"

గంటాయన నోట్లో ముద్ద మింగలేడు, కక్కలేడు. ఊరందరికీ తెలుసు, తిన్నవాడికి తప్ప!

ఇంకో గింజను కాగితంలో పొట్లం కట్టి, సాయంత్రం భార్య ముందు విప్పాడు.

"ఏంటిది?"

జవాబుగా ఆవిడ మూడు తుమ్ములు తుమ్మింది.

"ఎన్నాళ్లనుంచే?"

"పద్నాలుగు నెలలు."

"పద్నాలుగు నెలలు నన్ను మోసం చేశావా! రోజూ మెచ్చుకున్నానే!"

"అదే మరి," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఓ రోజు కూరలో ఉప్పు మర్చిపోయానండీ. ఏమంటారోనని సాయంత్రందాకా హడలిపోయాను. మీరొచ్చి, 'నీ చేతి రుచి ఎక్కడా రాదే' అన్నారు. మర్నాడు కావాలనే వెయ్యలేదు. అదే మాట. వారమంతా వెయ్యలేదు. అదే మాట! ఇక ఎవరికోసం నాలుగున్నరకి లేవాలి? హాయిగా పడుకుంటున్నా. క్యారియరు హోటలాయనే నింపి మూత బిగించి ఇస్తాడు, తుమ్ములూ లేవు."

గంటాయన పొట్లం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపం మాత్రం తగ్గలేదు. అడిగే హక్కు పోయాక కోపం మరీ బరువు.

ఆ రాత్రి ఆవిడ వడ్డించి, టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుంది. ఆయన ఒక ముద్ద పెట్టుకుని చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కూరలో ఉప్పు లేదు. మరిచిపోయిందా, పరీక్షా? అలవాటైన మెప్పు నాలిక చివరిదాకా వచ్చింది.

"ఉప్పు లేదు," అన్నాడు బిక్కుబిక్కుమంటూ.

"హమ్మయ్య! బతికే ఉంది మీ నాలిక," అని వెనక దాచిన ఉప్పు డబ్బా ముందుకు తోసింది.

"మరి రేపటి క్యారియరు?"

"నాలుగున్నరకి లేచి ఉల్లిపాయలు తరగండి. నేను వండుతా."

"దానికేం, తరుగుతా!" అన్నాడు పౌరుషంగా.

నాలుగున్నరకు అలారం మోగింది. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ వినలేదన్నట్టు పడుకున్నారు. ముప్పై ఏళ్లు బడి మొత్తాన్ని కదిలించిన మనిషి, ఒక చిన్న గంటకు కదల్లేకపోయాడు.

మధ్యాహ్నం హోటలు కూరను మళ్లీ నాలుగు నిమిషాల్లో ముగించాడు, కక్షగా. మిరియం గింజలు ఏరి మూతమీద వరసగా పెట్టాడు. రాత్రి భోజనం మాత్రం ముప్పావు గంట పట్టింది. రెండో ముద్దకే, "పులుపెక్కువైంది," అన్నాడు.

"తినండి, తినండి," అంది ఆవిడ సంబరంగా.