ఆకు రాకూడదని మొక్కు

పరాయి దేశంలో, క్లెమెంటి అనే పేటలో ఉన్న మా ఫ్లాట్‌లో ఒక గది కరీంనగర్ అమ్మాయికి అద్దెకిచ్చాను. దగ్గరలోని యూనివర్సిటీలో ఫెర్న్ మొక్కల మీద పరిశోధన చేసేది. వచ్చిన కొత్తలోనే వంటింటి కిటికీలో మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె పెట్టింది. లోపల చూస్తే పాచి. నేను పీచు, సబ్బు పట్టుకుని వెళ్తే గావుకేక పెట్టింది.

"ఆంటీ, అది పాచి కాదు! ఫెర్నే!"

ఇక్కడ రోడ్డు పక్క చెట్ల కొమ్మల మీద పెద్ద గూళ్లలా కూర్చునే పక్షిగూడు ఫెర్న్ అందరూ చూసిందే. అస్ప్లీనియం నైడస్ అని దానికి ఒకటే పేరు. ఆ పేరు కింద రెండు వేరువేరు జాతులు కలిసిపోయి ఉన్నాయని ఈ పిల్ల వాదన. దీనికి పువ్వుండదు, గింజుండదు. ఆకు వెనకున్న పొడి రాలి, ముందు ఇలా పాచిలా పరుచుకుంటుందట. పెళ్లి ఆ పాచిలోనే జరిగి, అందులోంచి ఆకు వస్తుందట. మొక్కకు పుట్టింది మొక్కలా ఉండకపోవడమేమిటో నాకు తలకెక్కలేదు.

"ఒక రకం పాచిల ఆడ భాగమే, ఇంకో రకంల మగ భాగమే ఉంచి, రెండూ కలిపి పెట్టిన. ఆకు రావొద్దు ఆంటీ. రాకుంటెనే రెండూ వేరే స్పీషీస్ అన్నట్టు. వచ్చిందంటె నా థీసిస్ పాయె."

ఇక నా అవస్థ మొదలైంది. పిల్ల గెలవాలని నాకూ ఉంది. కానీ పొద్దున్నే దీపం పెట్టి, ఆ జంటకు పిల్లలు కలగకూడదని ఏ నోటితో మొక్కడం? కొత్తగా పెళ్లయిన ఎవరు కనబడినా 'ఇంకా విశేషమేమీ లేదా' అని అడిగే మనిషిని నేను. "నీకు తోచింది చెయ్యి స్వామీ" అని తప్పించుకునేదాన్ని. టీ పెట్టుకుంటూ రోజూ పెట్టెలోకి తొంగి చూసేదాన్ని. ఏమీ లేకపోతే హమ్మయ్య అనుకునేదాన్ని, ఆ వెంటనే అయ్యో అనిపించేది.

ఒక శనివారం పొద్దున చూద్దును కదా, పాచి మధ్యలో గోరంత ఆకు. లేతగా, నిటారుగా. "వచ్చేసిందోయ్!" అని అరిచాను. అరిచాక గాని గుర్తు రాలేదు, ఎవరి కొంప మునిగిందో.

అమ్మాయి పరుగెత్తుకొచ్చి, భూతద్దం పెట్టి చూసి, కుర్చీలో కూలబడింది. ఆ ఆకు మీద పట్టరాని కోపం వచ్చింది. గొంతు తగ్గించి అన్నాను:

"పీకేద్దామా అమ్మా? చూసింది మనిద్దరమే. నేనెవరికీ చెప్పనులే."

కళ్లు తుడుచుకుంటూ నన్ను వింతగా చూసింది. పెట్టె మూత తీసి, ఆకుకు తగలకుండా చుట్టూ నీళ్లు చిలకరించింది.

"ఎట్ల పీకుతం ఆంటీ? పుట్టింది కదా."