మాస్టారు మెట్లెక్కరు

మాస్టారు పోయారని నాకు చెప్పింది ఆయన భార్యే. పొద్దున్నే ఫోన్ చేసి, "ఒసే గుంటా, మీ మాస్టారు ఎల్లిపోయేరే" అన్నారు. నేనప్పుడే కొట్టు షట్టర్ ఎత్తుతున్నాను. చోడవరంలో నాది జిరాక్స్ కొట్టు. ఎదురుగా ఓ గవర్నమెంటు ఆఫీసు. దాని పేరు రాయను, రాస్తే బోర్డు మారుస్తారు గానీ మెట్లు మార్చరు. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు కోపం వచ్చింది. షట్టర్ ఎత్తగానే కళ్ళెదుట ఆ మెట్లే కనిపించాయి మరి.

హైస్కూల్లో ఆయన మాకు లెక్కలు చెప్పారు. గోవాడ నుంచీ రోలుగుంట నుంచీ సైకిళ్ళ మీద వచ్చే పిల్లలు చెరుకు నరికే రోజుల్లో సగం క్లాసయ్యాక వచ్చేవారు. వాళ్ళని తిట్టేవారు కాదు, బోర్డు తుడిచేసి పాఠం మళ్ళీ మొదలెట్టేవారు. ముందు బెంచీ వాళ్ళం విసుక్కుంటే, "ఎనకున్నోడికి తెలీకపోతే నేను సెప్పనట్టే" అనేవారు. ఆయన సగం లెక్కకి మార్కులు వేసేవారు కాదు. పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి, సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి పాసయ్యేదాకా వదల్లేదు. కొట్టు ఎక్కడ పెట్టాలో చెప్పిందీ ఆయనే. "ఆఫీసు ఎదురుగా ఎట్టు. ఆళ్ళు కాయితాలు అడగడం మానరు, నీకు బేరం తగ్గదు" అన్నారు. నిజమే, ఇప్పటికీ తగ్గలేదు.

రిటైరయ్యాక కొన్నాళ్ళకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పెన్షన్ రావాలంటే బతికే ఉన్నానని ఏటా ఈ ఆఫీసుకొచ్చి వేలిముద్ర వెయ్యాలి. ఆ మిషను మేడ మీద ఉంది. లిఫ్టు లేదు. నడవలేనివాళ్ళు నడవలేమని రుజువు చూపించుకోవాలన్నా ఆ మేడే ఎక్కాలి. ఇది ఎవరి బుర్రలో పుట్టిందో నాకింతవరకూ తెలీదు.

మొదటిసారి ఆయన చక్రాల కుర్చీలో వస్తే, ఆఫీసులో పనిచేసే పాత శిష్యులు పరిగెత్తుకుంటూ దిగి వచ్చారు. కాళ్ళకి దండాలు పెట్టారు. "మీరు కదలకండి మాస్టారూ, మేం లేమా" అని ఆయన్ని ఓ ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చి, నలుగురూ నాలుగు కోళ్ళూ పట్టుకుని లేపారు. సగం మెట్ల దగ్గర పంచె పక్కకి తొలిగింది. ఎడం చెయ్యి కుర్చీని పట్టుకుని ఉంది, కుడి చెయ్యి లేవదు. మెట్ల కింద జనమంతా చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు ఫోన్లో ఫొటో తీసి, గురుభక్తి అంటే ఇదీ అని రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దానికి ఎంతమంది చేతులు జోడించారో.

ఆ మధ్యాహ్నం మాస్టారు మా కొట్లో టీ తాగుతూ కూర్చున్నారు. బిస్కట్ టీలో మెత్తబడి విరిగిపోయినా చూసుకోలేదు. తర్వాత అన్నారు: "ఆళ్ళకి నామీద ప్రేమ లేదని కాదే. నేనేటి బెల్లం దిమ్మనా, పదిమంది సూస్తండగా మోసుకెళ్ళడానికి? నన్ను పైకి ఎత్తడం ఎందుకు, ఆళ్ళు కిందకి దిగొచ్చు కదా?"

ఆ మరుసటేడు మెట్ల దగ్గరే ఆగి, మిషను కిందకి తెమ్మని కబురంపారు. శిష్యుడైన క్లర్కు తెచ్చాడు, పాపం నవ్వుతూనే తెచ్చాడు. మాస్టారు పక్కకి చూశారు. వడ్డాది నుంచి వచ్చిన ముసలమ్మ ఒకావిడ మోకాళ్ళు పట్టుకుని నేల మీద కూర్చునుంది. ఆవిడ పక్కన ఇంకొందరు ఉన్నారు.

"ముందు ఈవిడకి ఎయ్యి" అన్నారు.

"ఇది మీకోసం తెచ్చేను మాస్టారూ. అందరికీ అంటే సార్ ఒప్పుకోరండి."

"అయితే నాకూ ఒద్దు. అట్టుకెళ్ళిపో."

నిజంగానే వెయ్యకుండా ఇంటికెళ్ళిపోయారు. పెన్షన్ ఆగిపోయింది. ఆయన భార్య నా కొట్టుకొచ్చి మండిపడ్డారు. "ఈయన పట్టుదలకి నా ప్రాణం తీస్తన్నారే. మందులకేటి సేస్తాం? నాలుగు మెట్లు మోయించుకుంటే పరువు పోతాదా?" ఆవిడ కోపమూ న్యాయమైనదే. కొన్నాళ్ళకి పై ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడని తెలిసి, ఒక్క పూట మిషను కిందకి దించారు. మాస్టారితో పాటు కింద కూర్చున్న వాళ్ళందరికీ పనైంది. మర్నాడు మిషను మళ్ళీ మేడెక్కింది.

ఆయన అడిగింది కొత్త బిల్డింగు కాదు. మెట్ల పక్కనే కింద ఓ గది ఉంది. తాళం వేసుంటుంది. అందులో విరిగిన కుర్చీలూ, పాత బీరువాలూ పెట్టారు. అది ఖాళీ చేసి మిషను అక్కడ పెట్టమన్నారు. సోమవారం సోమవారం ఎడం చేత్తో అర్జీ రాసి నా దగ్గరే జిరాక్స్ తీయించుకునేవారు. ఎడం చేతి రాత కూడా లెక్కల నోట్సులా సాఫీగా వచ్చేదాకా రాశారు. బడ్జెట్ లేదని జవాబొచ్చింది. తాళం తియ్యడానికి బడ్జెట్టేమిటో నన్నడక్కండి. విరిగిన కుర్చీలేమో కింద నీడన ఉంటాయి, కాళ్ళు లేని మనుషులు మేడెక్కాలి. చివరికి చక్రాల కుర్చీల కోసమని గుమ్మం ముందు సిమెంటు వాలు ఒకటి పోశారు. అది తిన్నగా వెళ్ళి మెట్ల మొదట్లో ఆగుతుంది. మాస్టారు దాన్ని చూసి, "సగం లెక్క" అన్నారు. ఇప్పుడు దాని మీద స్టాఫు బళ్ళు పెట్టుకుంటున్నారు.

కర్మ అయ్యాక శిష్యులంతా కలిసి ఆఫీసులోనే సంతాప సభ పెట్టారు. పెద్ద ఫ్లెక్సీ వేయించారు. సభ ఎక్కడంటే పైన, మీటింగ్ హాల్లో.

నేను మాస్టారి భార్యని ఆటోలో తీసుకొచ్చాను. ఒళ్ళో ఆయన ఫొటో పెట్టుకుని వచ్చారు. ఆవిడకీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆటో ఆగగానే ఆ క్లర్కూ మరో ముగ్గురూ ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని దిగారు.

"అమ్మగారూ, కూకోండి. మేం మోసుకెళ్ళిపోతాం."

ఆవిడ కూర్చున్నారు. వాళ్ళు కోళ్ళు పట్టుకోడానికి వంగారు.

"ఆగండి బాబూ. కూకోమన్నారు, కూకున్నాను. లేపకండి."

"పోనీ ఫొటో ఇవ్వండమ్మా. దండేసి మొదలెట్టేస్తాం. సార్ వచ్చేసేరు."

"ఆయన ఎక్కనన్నారు కదా నాయినా. ఇప్పుడు నోరు లేదని నేను ఎక్కించేస్తానా?"

పెన్షన్ ఆగినప్పుడు నా కొట్లో నిలబడి ఆయన్ని తిట్టిన మనిషే ఈవిడ.

సభని కిందకి దించమని నేను గట్టిగానే అడిగాను. మైకు పైన కట్టేశామన్నారు. కాసేపు తచ్చాడి నలుగురూ పైకి వెళ్ళిపోయారు. పైన ఉపన్యాసాలు మొదలయ్యాయి. మాస్టారి ఆశయాలు కొనసాగిస్తామని ఆఫీసరు మైకులో అంటుంటే కింద అందరికీ వినబడుతోంది. ఆ రోజూ మెట్ల దగ్గర ముసలివాళ్ళు కూర్చునే ఉన్నారు. వడ్డాది ముసలమ్మ పాకుతూ దగ్గరకొచ్చి, ఫొటో చూసి, "ముందు నాకెయ్యమన్న బాబేనా?" అని అడిగింది. అవునంటే ఫొటో అద్దానికి చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది.

క్లర్కు మేడ మీద పిట్టగోడ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. చేతిలో పెద్ద బంతిపూల దండ ఉంది. దాన్ని పట్టుకుని కిందకి చూస్తున్నాడు, దిగడం లేదు. మాస్టారి భార్య కొంగుతో అద్దం మీద దుమ్ము తుడిచి, తాళం వేసిన గది తలుపుకి ఫొటోని ఆనించి, మొహం మెట్ల వైపు తిప్పి పెట్టారు.